పులితోక ముప్పై రూపాయలు: బరంపురం బొమ్మల కొట్లో ఒక కేస్ స్టడీ

మావయ్య కొట్టు బరంపురం బడబజార్‌లో ఉంది. స్కూలు బ్యాగులు, నీళ్ల సీసాలు, టిఫిన్ బాక్సులు, బొమ్మలు అమ్ముతారు. బేరం ఒడియాలో, పద్దు తెలుగులో, జీఎస్టీ బిల్లు ఇంగ్లీషులో. నేను హైదరాబాదులో లైసెన్సు సరుకు, అంటే సినిమా, కార్టూన్ బొమ్మల్ని హక్కుదారు అనుమతితో అచ్చేసిన సరుకు, తయారుచేసే ఒక కంపెనీలో ఏడేళ్లు అప్రూవల్స్ పని (నమూనాలకి హక్కుదారు ఒప్పుదల తెచ్చే పని) చేసి 2022లో ఇంటికొచ్చేశాను. ఇచ్ఛాపురం నుంచి రాయగడ దాకా చిన్న కొట్లకి ఏ సరుకు తెప్పించాలి, కౌంటర్ ఎలా పెట్టాలి అని చెప్పడం ఇప్పుడు నా పని. మొదటి కేసు మావయ్యదే. ఫీజు ఇవ్వలేదు, భోజనం పెట్టారు.

గోడౌన్ తలుపు తీస్తే ఒక గోడ పొడుగునా అట్టపెట్టెలు. ప్లాస్టిక్ కత్తులు, హీరో ముఖం అచ్చేసిన టీషర్టులు, కీచైన్లు. రెండు మూడు పెద్ద తెలుగు సినిమాల విడుదలప్పుడు తెప్పించినవి. మొదటి మూడు రోజులు థియేటర్ బయట బల్ల వేసి అమ్మితే పోయినవి పోయాయి, మిగతావి ఇక్కడికి చేరాయి.

"ఏటి అల్లుడూ, సినిమా ఆడినన్నాళ్లు కూడా ఆడలేదు ఈ సరుకు. అదే ఆ ఎలక బొమ్ముందా, నా పెళ్లికి ముందు నుంచీ అమ్ముతున్నాను. దానికేటి సినిమా ఉంది చెప్పు?"

నాకు అప్పజెప్పిన పని గోడౌన్ ఖాళీ చేయించడం. చివరికి నేను చేసింది ఆ ఎలక ప్రశ్నకి జవాబు వెతకడం. మావయ్య ఎలకంటే మిక్కీ మౌస్.

పద్దు పుస్తకం చెప్పింది

మూడేళ్ల పద్దులు తీసి, వస్తువు పేరున కాకుండా దాని మీది బొమ్మ పేరున మళ్లీ రాశాం. రెండు రాత్రులు పట్టింది. అత్త కూడా కూర్చుంది, ఆవిడకే ఎక్కువ గుర్తుంది.

ఎలక, సాలీడు మనిషి (స్పైడర్‌మ్యాన్), మంచు రాణి ('ఫ్రోజెన్' ఎల్సా), ఛోటా భీమ్. ఈ నాలుగూ ప్రతి జూన్‌లోనూ మళ్లీ ఆర్డర్ పడ్డాయి. ఆ ఏడు సినిమా వచ్చిందా రాలేదా అన్నదానితో పని లేదు, బడి తెరిస్తే చాలు. హీరోల సరుకుకి ఒక్క ఆర్డరే ఉంది, రెండోది ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకో నిజం కూడా బయటపడింది: ఆ ఎలక సరుకులో సగానికి లైసెన్సు ఉందని చూపే హోలోగ్రామ్ స్టిక్కర్ లేదు. హోల్‌సేలర్ 'ఒరిజినల్' అన్నాడు, మావయ్య నమ్మాడు, నమ్మినట్టు నటించాడో నేనడగలేదు. మొదట చేసిన పని ఆ సరుకుని కౌంటర్ మీంచి తీసేయడం. హోల్‌సేలర్ సగం వెనక్కి తీసుకున్నాడు, మిగతా సగం నష్టం రాసుకున్నాం. నా ఫీజు భోజనానికే ఆగిపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

ఎలక ఎలా బతికింది

వాల్ట్ డిస్నీని 1929లో న్యూయార్కు హోటల్లో ఒకాయన కలిసి, పిల్లలు రాసుకునే కాగితం పుస్తకాల మీద మిక్కీ బొమ్మ వేసుకుంటాను, 300 డాలర్లు తీసుకో అన్నాడు. చేతిలో డబ్బు లేదు, తీసుకున్నాడు. గమనించండి, ఆ మొదటి వస్తువు కూడా బడి సామానే. 1932లో కే కేమెన్ అనే ప్రకటనల మనిషికి లైసెన్సు వ్యవహారమంతా అప్పగించారు. మరుసటేడే ఇంగర్సోల్ మిక్కీ చేతిగడియారం వచ్చింది. అప్పటికింకా ఆ స్టూడియో నుంచి పూర్తి నిడివి బొమ్మల సినిమా ఒక్కటీ రాలేదు.

1955 జులైలో డిస్నీల్యాండ్ తెరిచారు. పార్కు కట్టడానికి ఏబీసీ టీవీ పెట్టుబడి పెట్టింది, బదులుగా డిస్నీ ఆ ఛానెల్‌కి వారంవారం కార్యక్రమం చేసిపెట్టాడు. దాని పేరు కూడా 'డిస్నీల్యాండ్'. అంటే పార్కుకి ప్రకటన ఇవ్వడం పోయి, ఆ ప్రకటనకే ఎదురు డబ్బు వచ్చింది. 1957లో కంపెనీలోనే గీసుకున్న ఒక పటం ఉంది: నడుమ సినిమా, చుట్టూ టీవీ, పాటలు, పుస్తకాలు, సరుకు, పార్కు, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు. నా పాత ఆఫీసులో ఆ పటం గోడకి వేలాడేది. అందరూ నడుమ గడిని చూసేవారు. నాకెప్పుడూ బాణాల మీదే కన్ను. సినిమా ఒకసారి వచ్చి పోతుంది, బాణాలు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి.

దీన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నవాడు దర్శకుడు జార్జ్ లూకాస్. తన సినిమా 'స్టార్ వార్స్' ఒప్పందంలో సరుకు హక్కులు, తర్వాతి భాగాల హక్కులు తన దగ్గర పెట్టుకున్నాడు. స్టూడియోకి అవి పెద్ద విషయం అనిపించలేదు. 1977 మేలో సినిమా వచ్చింది, గిరాకీ ఊహించనంత. బొమ్మలు చేసే కెన్నర్ కంపెనీ క్రిస్మస్‌కి సరుకు తయారుచేయలేకపోయింది. అందుకని ఖాళీ అట్ట కవరు అమ్మింది! లోపల ఒక చీటీ: ఇది పంపితే వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు పోస్టులో వస్తాయి. జనం కొన్నారు. ఈ కథ మావయ్యకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనం కత్తులిచ్చినా కొనలేదు గదా," అన్నాడు.

2006లో బొమ్మల సినిమాల పిక్సార్, 2009లో సూపర్‌హీరోల మార్వెల్, 2012లో లూకాస్ సొంత కంపెనీ లూకాస్‌ఫిల్మ్. డిస్నీ వరసపెట్టి కొన్నది పాత సినిమాల పెట్టెల కోసం కాదు. ముసలివి కాని మొహాల కోసం. చివరిదానికి ఒప్పుకున్న ధర సుమారు 405 కోట్ల డాలర్లు.

మన సినిమాకి రెండు చిక్కులు

ఒకటి తేదీ. ప్లాస్టిక్ బొమ్మకి ఉక్కు అచ్చు చేయించాలి. డిజైన్, అప్రూవల్, నమూనా, మళ్లీ అప్రూవల్, ఉత్పత్తి, లారీ. సరుకు కొట్టుకి చేరేసరికి ఏడాది పైనే అవుతుంది. లైసెన్సు తీసుకున్నవాడు మినిమం గ్యారంటీ, అంటే హక్కుదారుకి కనీసం ఇంతని ఒప్పుకున్న సొమ్ము, ముందే కడతాడు, అమ్మినా అమ్మకపోయినా అది తిరిగిరాదు. ఇక మన విడుదలలు చూడండి. 'ఆర్ఆర్ఆర్'కి మొదట చెప్పింది 2020 జులై 30. తర్వాత 2021 జనవరి, తర్వాత అక్టోబరు, తర్వాత 2022 జనవరి. వచ్చింది 2022 మార్చి 25. మధ్యలో కోవిడ్, ఎవరి తప్పూ లేదు. కానీ బొమ్మల అచ్చు మీద డబ్బు పెట్టినవాడికి వడ్డీ ఆగదు. పెద్ద స్టూడియోలు రెండు మూడేళ్ల తర్వాతి శుక్రవారాన్ని ఇప్పుడే ప్రకటించేది అందుకే. ఆ తేదీ ప్రేక్షకుడి కంటే ముందు బొమ్మల ఫ్యాక్టరీకి కావాలి.

రెండోది ముఖం. ఇది లోతైన చిక్కు. హీరో ముఖం నిర్మాతది కాదు, హీరోది. వచ్చే ఏడాది అదే ముఖం ఇంకో నిర్మాత పోస్టర్ మీద ఉంటుంది. అభిమానికి కావలసింది పాత్ర కాదు, మనిషి. పైగా ఆ అభిమాని డబ్బు పెట్టి కొనడు, సంఘం తరఫున సొంతంగా అచ్చేయించుకుంటాడు. బరంపురంలో ఫ్లెక్సీ ప్రింటింగ్ కొట్టున్న ప్రతివాడూ ఆ రోజుకి లైసెన్సు లేని లైసెన్సీయే. ఎలకకి కాల్షీట్ అక్కర్లేదు, వయసు రాదు, ఎన్నికల్లో నిలబడదు.

దీన్ని దాటిన మన ఉదాహరణలూ ఉన్నాయి. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ కంపెనీ వాళ్ల ఛోటా భీమ్ 2008లో టీవీలో మొదలై, సినిమాలకి, సొంత దుకాణాలకి వెళ్లాడు. రోజూ టీవీలో కనిపించేవాడు కాబట్టి విడుదల తేదీతో పనే లేదు. బాహుబలి మాహిష్మతి సెట్టుని రామోజీ ఫిల్మ్ సిటీలో సందర్శకులకి తెరిచారు. సినిమా వెళ్లిపోయాక కూడా టికెట్టు కొని నడవగలిగే చోటు మిగిలింది. 2024లో 'కల్కి 2898 ఏడీ' వాళ్లు బుజ్జి అనే కారుని నిజంగా తయారుచేయించి, విడుదలకి ముందే ఊళ్లు తిప్పారు, యానిమేషన్ సిరీస్ కూడా ముందే వదిలారు. ఆ కారు నాకు బాగా నచ్చింది. ముఖం లేని పాత్ర, పూర్తిగా నిర్మాత సొత్తు. పిల్లాడి చేతిలో పట్టే సైజుకి తగ్గించొచ్చు.

బయటికొచ్చే దారి

ఇక పార్కుల సంగతి. 2010 జూన్‌లో ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్లు హ్యారీ పోటర్ ఊరు కట్టారు. సినిమాలు వార్నర్ వాళ్లవి, పార్కు యూనివర్సల్‌ది, మధ్యలో లైసెన్సు. అక్కడ మంత్రదండాల కొట్టుంది. ఒక చిన్న గదిలోకి కొంతమందిని పంపుతారు. ముసలి దుకాణదారు ఒక పిల్లని పిలిచి రెండు మూడు దండాలు చేతికిస్తాడు. ఒకటి తప్పు, ఇంకొకటి తప్పు, చివరిది ఆ పిల్లని 'ఎంచుకుంటుంది': వెలుగు, గాలి, సంగీతం. తలుపు తెరుచుకుంటుంది, అవతల అమ్మే కౌంటర్. ఆ నిమిషంలో వద్దనగల తండ్రెవరు? 2014లో పక్క పార్కులో రెండో భాగం తెరిచినప్పుడు, వీధిలో అక్కడక్కడా ఊపితే ఏదో ఒకటి కదిలే దండాలు పెట్టారు. అప్పటి నుంచి ఆ వస్తువు ఇంటికి పట్టుకెళ్లే గుర్తే కాదు, లోపల తిరగడానికి పనికొచ్చే సామాను కూడా అయింది.

అలాగే 'కార్స్'. 2006 నాటి పిక్సార్ బొమ్మల సినిమా. అయిదేళ్లలో దాని సరుకు అమ్మకాలు వెయ్యి కోట్ల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్లాయి. 2012లో ఆ బొమ్మకార్ల ఊరినే డిస్నీ వాళ్ల కాలిఫోర్నియా పార్కులో కట్టారు. సినిమా సరుకుని అమ్మింది, సరుకు పార్కుకి దారి వేసింది, పార్కు మళ్లీ సరుకుని అమ్ముతోంది.

మావయ్య దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "గుడి బయట కొబ్బరికాయలు, లోపల ప్రసాదం. అంతే గదేటి?" అంతే కాదు అని వాదించాను. కొబ్బరికాయ మీద ఎవరికీ రాయల్టీ లేదు. ఆ తేడాయే ఈ కేసు.

మేం చేసింది

బరంపురానికి సొంతంగా ఒక తేదీ ఉంది, ఒక చోటు ఉంది: రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి యాత్ర. అమ్మవారు పుట్టింటికి, అంటే దేశిబెహరా వీధికి వచ్చి వారాల తరబడి ఉంటుంది. రాజమండ్రి వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన నేతవాళ్ల వీధి అది. మొక్కున్నవాళ్లు వేషాలు కడతారు. అన్నిట్లోకీ పేరున్నది పులివేషం. రాత్రంతా జనం. 2025 ఏప్రిల్లో యాత్ర ఉందని ముందే తెలుసు కాబట్టి ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టాం. ఈ తేదీని ఏ నిర్మాతా వాయిదా వేయడు.

సినిమా బొమ్మ వద్దనుకున్నాం. సొంత పులిపిల్లని గీయించాం. ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో చదివిన ఒకమ్మాయి గీసింది: పొట్టిగా, బొద్దుగా, నుదుటి మీద మూడు చారలు, చెవి ఒకటి వంగి ఉంటుంది. మావయ్య అయిదు వేలిచ్చి ముగిద్దామన్నాడు. ఆ అమ్మాయి నిదానంగా, "బొమ్మ నా దగ్గరే ఉంటుంది మావయ్యగారూ, మీరు వాడుకోండి, వస్తువుకింత ఇవ్వండి," అంది. లూకాస్ కథ ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో! నేను కాదు. చివరికి కాగితం రాసుకున్నాం: హక్కు ఆమెది, బ్యాగులు, సీసాలు, ముసుగులు, వేషం సామాను మూడేళ్ల పాటు మావి, వస్తువుకి నాలుగు రూపాయలు. కాపీరైట్ బదిలీ అయినా లైసెన్సు అయినా రాతలో ఉండాలని చట్టం. నోటిమాట మీద నడిచే మన బజారులో ఈ రెండు పేజీల కాగితమే కష్టమైన పని.

దేశిబెహరా వీధిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. ఆయన బొమ్మని చాలాసేపు చూశాడు.

"దీనికి అమ్మవారి పేరు పెడతారా?"

"పెట్టం తాతగారూ."

"పులివేషం మాదీ అంటారా?"

"అనం."

"మొక్కు వేషానికి ఓనరుండడు బాబూ. నీ పిల్లపులి నీది, అమ్ముకో. అమ్మవారి పులి జోలికి రాకు."

బొమ్మని ఎలా వాడాలో, ఎలా వాడకూడదో చెప్పే కాగితాన్ని మా పనిలో స్టైల్ గైడ్ అంటారు. నా ఏడేళ్ల ఉద్యోగంలో ఇంత స్పష్టమైన స్టైల్ గైడ్ ఎవరూ ఇవ్వలేదు. ఒక పేజీలో రాసి కొట్లో అంటించాం: పిల్లపులి అమ్మవారి పక్కన నిలబడదు, ఆయుధం పట్టుకోదు, చారలు మూడే, నాలుగు కాదు. పదిహేను రోజుల్లోనే పరీక్ష వచ్చింది. ఒక పాన్ మసాలా డీలర్ యాత్ర బ్యానర్ల మీద మా పిల్లపులిని వేసుకుంటానన్నాడు. మంచి డబ్బే. వద్దన్నాను. మావయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బొమ్మకి యజమాని ఉండడం వల్ల వచ్చే లాభమే అది, వద్దనగలగడం. జనానికి కనబడేది మాత్రం పోయిన డబ్బే.

సందులో మా చుట్టాల అరుగు అద్దెకి తీసుకుని గుహ కట్టించాం. వెదుళ్లు, గోనెపట్టా, కాగితం ముద్ద. వీధి రథాలు అలంకరించే పనివాడే చేశాడు. పిల్లల బుగ్గల మీద చారలు గీసి, గుహలోంచి నడిపించి, అద్దం ముందు ఫోటో తీయడం, ఇదీ ఏర్పాటు. మొదటి సాయంత్రమే తప్పు చేశాను. వేషాలకి వాడే మామూలు రంగు తెచ్చాను, ఒక పాపకి బుగ్గ ఎర్రబడింది. ఆ తల్లి తిట్టిన తిట్లకి నేను అర్హుణ్ణే. మర్నాడు మూసేసి, చర్మానికి పనికొచ్చే ఫేస్ పెయింట్ విశాఖ నుంచి తెప్పించాకే తెరిచాం.

ముసుగుల విషయంలో ఇంకో జాగ్రత్త. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపుంది. అందుకని కాగితపు ముసుగుల్ని ఆ కార్డున్న పనివాడి చేతే చేయించి, అతని బల్ల మీదే పెట్టి అమ్మించాం. గోడౌన్‌లోని ప్లాస్టిక్ కత్తులకి ఆ గుర్తు లేదు. వాటి కథ అక్కడితో చట్టప్రకారం కూడా ముగిసింది.

మొదటి వారం అమ్మే బల్లని గుహ ముందు పెట్టాను, వీధిలో పోయేవాళ్లకి కనబడాలని. అందరూ ధర అడిగారు, ఎవరూ కొనలేదు. మంత్రదండాల కథ మావయ్యకి చెప్పింది నేను, మర్చిపోయింది కూడా నేనే. ఆయనే ఒక రాత్రి బల్లని ఎత్తించి వెనక గుమ్మం దగ్గర, అద్దం పక్కన వేయించాడు. పిల్లాడు అద్దంలో చారలు చూసుకుని, తిరిగేసరికి ముసుగులు. అప్పటి నుంచి అమ్మకం మొదలైంది.

కానీ అన్నిటికంటే ఎక్కువ అమ్మింది ముసుగు కాదు, సీసా కాదు. తోక. అది నా ప్లాన్‌లోనే లేదు. టైలరు దగ్గర మిగిలిన పసుపు ముక్కలతో అత్త సరదాకి కుట్టింది, నడుముకి కట్టుకునే నాడా పెట్టి. ముప్పై రూపాయలు. తోకున్న పిల్లాడు వీధిలో నడుస్తుంటే వెనకాల పిల్లలు తోక లాగుతూ వచ్చేవారు, వచ్చినవాళ్లు 'ఎక్కడ కొన్నావు' అనేవారు. యాత్ర ముగిసేసరికి అత్త, పక్కింటి ఇద్దరు కలిసి 600 తోకలు కుట్టారు. పిల్లపులి అచ్చేసిన నీళ్ల సీసాలు మాత్రం యాత్రలో పడుకున్నాయి. అర్ధరాత్రి అమ్మవారిని చూడ్డానికొచ్చి సీసా ఎవరు కొంటారు? అవే సీసాలు జూన్‌లో కొట్లో కదిలాయి, ముఖ్యంగా గుహలోకి వచ్చిన పిల్లల ఇళ్లకి. కొందరు సీసా కొంటూ, గుహలో తీసిన ఫోటో ఫోన్‌లో చూపించారు.

ఆ ఉత్సాహంలో పర్లాకిమిడి రథయాత్రకి కూడా బల్ల తీసుకెళ్లాం. ఫ్లాపు. అక్కడ పులితో ఎవరికీ పని లేదు, అడిగింది జగన్నాథుడి బొమ్మలు. గుహ కూడా తీసుకెళ్లలేదు, ఉత్త బల్ల. వాన కూడా పడిందని మావయ్య అందరికీ చెబుతాడు, కానీ వాన పడకపోయినా అమ్మేవి కావు. బరంపురంలో ఆ తోక వెనక ఒక రాత్రి ఉంది. పర్లాకిమిడిలో అది పసుపు గుడ్డముక్క.

లెక్కలు: గుహ, అద్దె, రంగులు, సీసాల ఖర్చు పోను యాత్ర వరకు చూస్తే నష్టమూ లేదు, లాభమూ లేదు. జూన్ కలుపుకుంటే కొంచెం మిగిలింది. ఆ అమ్మాయికి రాయల్టీ మొదటి చెక్కు ఇచ్చాం. తోకల మీద కూడా నాలుగు రూపాయలు వస్తాయా అని అడిగింది. తోక మీద బొమ్మ లేదు, కానీ చారలు ఆమె గీసినవే. ఇచ్చాం. అత్త అప్పుడు తన కుట్టుకూలీ సంగతేమిటని అడిగింది. ఆ బేరం ఇంకా తెగలేదు.

గుహ విప్పిన రోజు ఒక విషయం తెలిసింది. గోనెపట్టా కింద కొండలా లేపడానికి పనివాడు ఏం పేర్చాడా అని చూస్తే, గోడౌన్‌లోని కత్తుల పెట్టెలు. మావయ్యే ఇచ్చాడట. ఆ పెట్టెలు మళ్లీ గోడౌన్‌కే వెళ్లాయి. పాత ప్లాస్టిక్ కొనేవాడు రెండుసార్లు వచ్చాడు. 2027లో మళ్లీ కొండ కావాలి కదా అని మావయ్య ఇవ్వడం లేదు.